'గ్రాండ్ క్రిషెండో ఎంట్రీ'కి 22,000: నెల్లూరులో మా పెళ్ళి డీజే వాళ్ళ మీద రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, రివ్యూ కొంచెం పొడుగు. అంత ఓపిక లేనివాళ్ళకి మూడు ముక్కల్లో: లైట్లు బాగున్నాయి, కుర్రాళ్ళు మర్యాదస్తులు, చెప్పిన టైమ్ కంటే అరగంట ముందే సామాను దించారు. కానీ రేట్ కార్డులో 'గ్రాండ్ క్రిషెండో ఎంట్రీ' అని రాసి, దానికి విడిగా 22,000 రూపాయలు తీసుకుని, వాళ్ళు వాయించింది మాత్రం క్రిషెండో కాదు. క్రిషెండో అంటే మెల్లగా మొదలై క్రమంగా పెరుగుతూ పోయే సౌండు. ఐదుకి మూడు స్టార్లు. పేరు రాయను. వాళ్ళ మీద నాకు కోపమేం లేదు, పైగా ఈ పెళ్ళి కోసం తెప్పించుకున్న నాలుగు రేట్ కార్డుల్లో రెండింట్లో ఇదే మాట ఉంది, కాబట్టి ఒక్కళ్ళని పట్టుకుని తిట్టడం న్యాయం కాదు.

పెళ్ళి మా అక్క కూతురిది. నెల్లూరులో మినీ బైపాస్ వైపు ఒక ఏసీ కల్యాణ మండపం, ఉదయం 10.40కి ముహూర్తం, సాయంత్రం అక్కడే రిసెప్షన్. మేనమామని కాబట్టి పెళ్ళికూతుర్ని బుట్టలో మోసుకొచ్చే డ్యూటీ నాది, నాతోపాటు మా తమ్ముడిది. అదిగాక నేను కోవూరు దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతాను. అందుకని డీజే వాళ్ళ కొటేషన్ రాగానే బావ ఆ కాగితం నా చేతిలో పెట్టి, "ఏం సారూ, క్రిసెంట్ ఎంట్రీ అంట, ఏందిది, పైనుంచి నెలవంక ఏమన్నా దించుతారా?" అన్నాడు. ఇంట్లో అందరూ పడీ పడీ నవ్వారు. నవ్వారు గానీ బావ నోరు జారి అన్నదాంట్లో సగం నిజం ఉంది, దాని సంగతి తర్వాత చెప్తా.

కొటేషన్లో సౌండు, లైటింగు, ఎల్‌ఈడీ తెర, రెండు పూటలా డీజే కలిపి 85,000. దాని కింద బంగారు రంగు అక్షరాలతో ఈ క్రిషెండో ఎంట్రీ, అందులో పొగ మిషన్లు, నాలుగు కోల్డ్ పైరోలు (నిప్పురవ్వల్లా మెరుపులు పైకి చిమ్మే మిషన్లు), 'స్పెషల్ మ్యూజిక్'. నేను ఫోన్ చేసి అడిగా, "క్రిషెండో అంటే ఏం చేస్తావు తమ్ముడూ?" అని. "సార్, అమ్మాయి డోర్ దగ్గర కనపడగానే ఫుల్ పీక్ సార్, హాలు అదిరిపోద్ది" అన్నాడు. అప్పుడే అనుమానం రావాల్సింది. కనపడగానే పీక్ అయితే ఇక పెరిగేదేముంది? కానీ పెళ్ళి పనుల్లో ఎవరికి గుర్తుంటుంది ఇదంతా, టెన్షన్లో సరే అనేశాం, అడ్వాన్సు ఇచ్చేశాం.

ఇక ఆ రోజు. తలుపు ఇవతల మేం, బుట్టలో అమ్మాయి, దాని చేతిలో పసుపు రాసిన కొబ్బరిబోండాం. తలుపులు తెరుచుకున్నాయి. మొదటి దెబ్బకే బేసు నా పక్కటెముకల్లోకి దిగింది. అమ్మాయి ఉలిక్కిపడింది, బోండాం జారి దాని ఒళ్ళో పడింది, బుట్ట ఒక పక్కకి ఒరిగింది, మా తమ్ముడు ఏదో అరుస్తున్నాడు గానీ పెదాలు కదలడం తప్ప నాకేం వినపడలేదు. రెండో వరసలో కూర్చున్న మా పెద్దమ్మ రెండు చేతులతో చెవులు మూసుకుంది. తలుపు దగ్గర నుంచి మండపం దాకా అరవై డెబ్బై అడుగులు, దానికి మాకు రెండు నిమిషాలు పట్టింది, ఆ రెండు నిమిషాలూ ఒకటే మోత, మొదట ఎంతో చివరా అంతే. మధ్యలో ఒక చంటిబిడ్డ ఏడుపు మొదలుపెట్టింది. ముందు పెదవి విరిచింది, తర్వాత వెక్కింది, తర్వాత సన్నగా రాగం తీసింది, మేం మండపం మెట్లెక్కే సరికి పాటల సందుల్లోంచి కూడా వినపడేంత గొంతు పెట్టింది. ఆ హాల్లో ఆ పూట 22,000కి సరిపడా క్రిషెండో చేసింది ఆ పసిగుడ్డు ఒక్కటే, దానికి మేం చేతిలో పెట్టింది ఒక మలైకాజా ముక్క.

ఇదంతా నా చెవుల మాట అనుకుంటారేమోనని ఒక లెక్క కూడా చెప్తా. మావాడు తొమ్మిదో తరగతి, వాడి ఫోన్లో డెసిబుల్ మీటర్ యాప్ ఉంది. ఫోన్ యాపులు మరీ కచ్చితంగా ఉండవు, కానీ ఒకే ఫోను, ఒకే కుర్చీ కాబట్టి మొదటికీ చివరికీ తేడా చూసుకోవడానికి పనికొస్తాయి. ఎంట్రీ మొదట్లో 99, చివర్లో 102. మూడు డెసిబుల్స్ పెరగాలంటే ఆంప్లిఫయర్ రెట్టింపు కరెంటు తాగాలి, కానీ వినేవాడి చెవికి 'ఏమో, కొంచెం పెరిగినట్టుందే' అనిపిస్తుంది, అంతకన్నా ఏం తెలియదు. చెవికి సౌండు రెట్టింపు అయినట్టు అనిపించాలంటే దాదాపు పది డెసిబుల్స్ పెరగాలి. అంటే కరెంటు బిల్లులో క్రిషెండో ఉందేమో గానీ హాల్లో లేదు.

టిఫిన్ల దగ్గర డీజే కుర్రాడు దొరికితే పక్కకి పిలిచా. ఇరవై మూడు ఇరవై నాలుగేళ్ళు ఉంటాయి, బుద్ధిమంతుడు, చేతిలో ఇడ్లీ ప్లేటు పట్టుకునే విన్నాడు. "క్రిషెండో అంటే పీక్ కాదు నాయనా" అన్నాను. "మరేంది సార్? సినిమా వాళ్ళు, న్యూస్ వాళ్ళు అందరూ అట్టాగే అంటారు గదా." వాడికి ఏం చెప్పానో అదే ఇక్కడ రాస్తున్నా, క్లాసులా అనిపిస్తే క్షమించండి, వృత్తి అలాంటిది.

క్రిషెండో ఇటాలియన్ మాట. ఆ భాషలో ఎస్, సి కలిసి ఇ ముందు వస్తే 'ష' అని పలుకుతుంది, అందుకని స్పెల్లింగ్ చూసి క్రెసెండో అనేస్తాం గానీ పలకాల్సింది క్రిషెండో. అర్థం 'పెరుగుతూ'. మన పిలకాయలు తెలుగు వ్యాకరణంలో చదువుకుంటారే, చేసి, వచ్చి, పోయి అంటే క్త్వార్థకం, చేస్తూ, వస్తూ, పోతూ అంటే శత్రర్థకం అని. క్రిషెండో శత్రర్థకం. పెరిగిపోయాక ఇక దానికి ఆ పేరు చెల్లదు. నరసింహకొండ ఎక్కుతున్నామనుకోండి, కింద నుంచి ఒక్కో అడుగూ పైకి వేయడం ఉందే, అది క్రిషెండో. పైన గుడి ముందు నిలబడి ఊపిరి పీల్చుకుంటూ పెన్నని చూస్తున్నామే, అది ఇంకోటి. మా డీజే కుర్రాడు మమ్మల్ని హెలికాప్టర్లో గుడి ముందు దించి ఎక్కుడు కూలి వసూలు చేశాడు.

ఇప్పుడు బావ నెలవంక. లాటిన్లో 'క్రెస్కెరే' అంటే పెరగడం. క్రిషెండో ఆ ఇంటి పిల్ల. ఇంగ్లీషులో నెలవంకని క్రిసెంట్ అంటారు, అదీ ఆ ఇంటి పిల్లే, మొదట్లో దానర్థం పెరుగుతున్న చంద్రుడు, అంటే మన శుక్లపక్షం చంద్రుడన్నమాట. ఇంక్రీజ్, డిక్రీజ్ కూడా అక్కడివే. బేకరీలో నెలవంక ఆకారంలో క్రోసాంట్ అమ్ముతారు చూడండి, ఫ్రెంచి వాళ్ళ నోట్లో తిరిగొచ్చిన అదే మాట. కాబట్టి బావ క్రిసెంట్ ఎంట్రీ అన్నాడంటే చుట్టాల ఇంటి తలుపు కొట్టాడు, అంతే. ఈ సంగతి బావకి చెబితే, "నేను ముందే చెప్పలా?" అని ఇప్పటికీ మీసం తిప్పుతున్నాడు.

పాశ్చాత్య సంగీతం కాగితం మీద రాసుకుంటారు కదా, ఎక్కడ మెల్లగా వాయించాలో ఎక్కడ గట్టిగా వాయించాలో కూడా అందులోనే రాస్తారు. మెల్లగా అంటే పియానో, గట్టిగా అంటే ఫోర్టే. పియానో వాయిద్యానికి ఆ పేరు అట్టా వచ్చిందే. దానికి ముందున్న హార్ప్సికార్డ్ తీగని మీటుతుంది, వేలు ఎంత గట్టిగా నొక్కినా సౌండు ఒక్కటే. 1700 ప్రాంతంలో ఇటలీలో క్రిస్టొఫోరి అనే ఆయన తీగని చిన్న సుత్తితో కొట్టే ఏర్పాటు చేశాడు, మెల్లగా నొక్కితే మెల్లగా, గట్టిగా నొక్కితే గట్టిగా. మెల్లగా గట్టిగా రెండూ పలుకుతుందని పియానోఫోర్టే అన్నారు, తర్వాత సగం పేరు రాలిపోయింది. మెల్లగా నుంచి గట్టిగా దాకా క్రమంగా పెంచుకుంటూ పోవాలంటే క్రిషెండో అని రాస్తారు, లేకపోతే స్వరాల కింద ఒక గుర్తు గీస్తారు: లెక్కల్లో 'దీనికంటే తక్కువ' గుర్తు ఉంటుందే, దాన్ని పక్కకి పొడుగ్గా సాగదీసినట్టు. ఎడం పక్క మొన, కుడి పక్క నోరు. దాన్నే తిప్పి గీస్తే తగ్గుతూ పోవాలని, అది డిక్రిషెండో, డిమిన్యుయెండో అని కూడా అంటారు.

ఈ గుర్తుని కొటేషన్ కాగితం వెనకాల గీసి చూపించా వాడికి. గీశాక తలెత్తి చూస్తే ఎదురుగా మేళం పెద్దాయన సన్నాయి ఒళ్ళో పెట్టుకుని కాఫీ తాగుతున్నాడు. నోటి దగ్గర సన్నగా మొదలై కిందికి పోయేకొద్దీ వెడల్పై చివర్న గంటలా విచ్చుకుని, అచ్చం నేను గీసిన గుర్తే. ఇన్నేళ్ళుగా ఎన్ని పెళ్ళిళ్ళు చూశాను, ఎప్పుడూ తట్టలేదు.

మేళం సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ రివ్యూలో అసలు క్రిషెండో వాళ్ళది. ఒంగోలు వైపు నుంచి వచ్చారు. ఆ వైపు సన్నాయికి పేరు, నాదస్వర విద్వాంసుడు షేక్ చినమౌలానా 1924లో పుట్టింది ఒంగోలు పక్కన కరవదిలోనే. మావాళ్ళు అంత పెద్ద విద్వాంసులని చెప్పను, మామూలు పెళ్ళి మేళమే. మేం బుట్ట దించాక డీజే ఆగింది, అప్పుడు పెద్దాయన మొదలుపెట్టాడు. సన్నాయికి దారంతో కట్టి వేలాడుతున్న పీకల్లోంచి ఒకటి తీసుకుని, నోట్లో పెట్టుకుని తడిపి, బిగించి, ఊది చూసి, నచ్చక తీసేసి ఇంకోటి పెట్టాడు. కల్యాణి రాగం ఎత్తుకున్నాడు, ఎంత మెల్లగా అంటే పంతులు గారి మంత్రం పైన ఉంది, సన్నాయి దాని కింద ఉంది. డోలు ఆయన పుల్ల పక్కన పెట్టి వేళ్ళతోనే తాకుతున్నాడు. కాసేపటికి రెండో సన్నాయి కలిసింది. తాళం వేసే కుర్రాడు నిటారుగా కూర్చున్నాడు. డోలు మీదకి పుల్ల ఎప్పుడొచ్చిందో నేను చూడలేదు, చూసేసరికి పడుతోంది. జీలకర్ర బెల్లం పెట్టే వేళకి, ఎవరూ ఎవరికీ చెప్పకుండానే, వెనక వరసల్లో కబుర్లు చెప్పుకుంటున్న జనం ఒక్కొక్కళ్ళే లేచి నిలబడటం మొదలుపెట్టారు. ఎందుకు లేచామో వాళ్ళకే తెలియదు.

మావాడి ఫోన్లో చూస్తే 66 నుంచి 94 దాకా ఎక్కింది. ఇరవై ఎనిమిది డెసిబుల్స్, చెవి లెక్కలో దాదాపు ఏడు రెట్లు. గమనించారా, పైన ఆగింది 94 దగ్గర, డీజే 102 కంటే తక్కువే. అయినా ఒళ్ళు జలదరించింది దీనికే. ఎంత ఎత్తులో ఆగారన్నది చెవి లెక్కపెట్టుకోదు, ఎక్కడి నుంచి ఎక్కి వచ్చారన్నది పెట్టుకుంటుంది.

ఒక్కటి మాత్రం సరిచేయాలి, ఇది రాస్తే మా స్టాఫ్‌రూమ్‌లో వాదన వచ్చింది. తాళి కట్టేటప్పుడు పంతులు గారు చెయ్యెత్తి "గట్టిమేళం, గట్టిమేళం" అంటారు కదా, అది క్రిషెండోనే కదా అన్నాడు మా సోషల్ సార్. కాదు. గట్టిమేళం ఒక్క దెబ్బతో పైకి లేస్తుంది. తుమ్ములూ అపశకునం మాటలూ చెవిన పడకూడదని ఆ క్షణాన మిగతా చప్పుళ్ళన్నీ ముంచెయ్యడం దాని పని, క్రమంగా పెరిగితే ఆ లోపల ఎవడో ఒకడు తుమ్మేస్తాడు. ఇటాలియన్ వాళ్ళకి దానికీ మాట ఉంది, సుబిటో ఫోర్టే, ఉన్నట్టుండి గట్టిగా అని. మా డీజే వాళ్ళు చేసింది కూడా అదే. రేట్ కార్డులో 'గ్రాండ్ సుబిటో ఫోర్టే ఎంట్రీ' అని రాసి ఉంటే నేను కిక్కురుమనకుండా ఐదు స్టార్లు ఇచ్చి ఉండేవాణ్ణి.

మరి దీనికి తెలుగు ఏంది అని అక్క అడిగింది. పేపర్లో 'తారస్థాయికి చేరింది' అని రాస్తుంటారు, ఇంగ్లీషు పేపర్లో 'రీచ్డ్ ఎ క్రిషెండో' అని ఉన్నచోట మనవాళ్ళకి చటుక్కున తట్టే మాట అదే. కానీ తారస్థాయి ఎక్కడో పైన ఉండే చోటు. అసలు సంగీతంలో దానర్థం గట్టిగా అని కూడా కాదు, మంద్రం, మధ్యం, తారం అని మూడు స్థాయిలు, శ్రుతిలో పైన ఉండటం, అంతే. తారస్థాయి షడ్జం పక్కింటికి వినపడకుండా మెల్లగా పాడొచ్చు, మంద్రంలో ఊరు లేచేట్టు కూడా పాడొచ్చు, అది ఊపిరిని బట్టి. ఆరోహణ కూడా కాదు, అది స్వరాల మెట్లు. నన్నడిగితే దగ్గరగా వచ్చేది 'అంతకంతకూ'. చప్పట్లు అంతకంతకూ పెరిగాయి అంటే అదే క్రిషెండో. ఇంకా గట్టి మాట కావాలంటే మనకి సామెతే ఉంది, చినికి చినికి గాలివాన.

గాలివాన అంటే గుర్తొచ్చింది. మాది కావలి. 1989 నవంబరు 9న తుఫాను మా కావలి దగ్గరే తీరం దాటింది, నాకప్పుడు పదేళ్ళు. మొదట వేపచెట్టు ఆకుల సవ్వడి, ఎప్పుడూ ఉండేదే. తర్వాత వంటింటి మీద రేకు ఒక మూల టపటపా కొట్టుకోవడం. తర్వాత ఆ రేకు మొత్తం. తర్వాత చెట్టు చప్పుడు, రేకు చప్పుడు విడివిడిగా తెలియకుండా ఒకటే హోరు, అమ్మ మమ్మల్ని మంచం కిందకి తోసి తడికెకి రోలు అడ్డం పెడుతోంది. ఇది అయిపోయిందిలే, ఇంతకన్నా పెరగదు అనుకున్న ప్రతిసారీ పెరిగింది. తర్వాత ఎప్పుడో బీఈడీలో ఈ మాట డిక్షనరీలో చూసినప్పుడు నాకు కనపడింది పియానో కాదు, మా వంటింటి రేకు.

ఇంగ్లీషులో ఎట్టా వాడాలి అంటే, 'ఎ క్రిషెండో ఆఫ్ అప్లాజ్' అంటే అంతకంతకూ పెరిగిన చప్పట్లు. 'ది నాయిస్ రోజ్ ఇన్ ఎ క్రిషెండో' అన్నా బాగుంటుంది. సంగీతానికే కాదు, కోపానికీ, విమర్శలకీ, ఎన్నికల ప్రచారానికీ వాడొచ్చు, పెరుగుతూ పోయేదేదైనా సరే. గొడవంతా 'రీచ్డ్ ఎ క్రిషెండో' దగ్గరే, క్రిషెండోకి చేరుకుంది అనడం. సంగీతం తెలిసినవాళ్ళు ఇది వింటే పళ్ళు కొరుకుతారు, ఎక్కడానికి చేరుకోవడం ఏంది, ఎక్కి శిఖరానికి చేరుకోవాలి గానీ అని. అయితే నిజం చెప్పాలి కదా, ఇంగ్లీషు వాళ్ళు ఈ మాటని శిఖరం అనే అర్థంలో దాదాపు వందేళ్ళుగా వాడుతున్నారు, మంచి రచయితలు కూడా వాడారు, పెద్ద డిక్షనరీలు ఇప్పుడు రెండు అర్థాలూ ఇస్తున్నాయి. కాబట్టి మా డీజే కుర్రాడు కోర్టుకెళ్తే గెలిచినా గెలుస్తాడు. నా పిలకాయలకి మాత్రం, శిఖరం అని చెప్పాలంటే క్లైమాక్స్ ఉంది, పీక్ ఉంది, దానికి మాటల కరువు లేదు, 'పెరుగుతూ' అనే భావానికే ఒంటరిగా ఈ ఒక్క మాట ఉంది, దాన్ని కూడా శిఖరానికి ఇచ్చేస్తే ఎక్కేవాడికి ఏం మిగులుతుంది అని చెప్తాను.

మళ్ళీ కుర్రాడి దగ్గరకొస్తే, వాడు ఇడ్లీ తినడం ఆపి, "అంటే బిల్డప్ అన్నమాట సార్" అన్నాడు. నాకు ముద్దొచ్చింది. డీజే వాళ్ళ భాషలో పాటలో ఊపు వచ్చే ముందు కట్టేదాన్ని బిల్డప్ అంటారు, డ్రమ్ము దెబ్బలు ముందు ఎడంగా, తర్వాత రెండింతలు దగ్గరగా, తర్వాత ఇంకా దగ్గరగా, చివర్న ఒక్క క్షణం బేసు తీసేసి దభీమని వదలడం, ఆ వదిలేది డ్రాప్. మనం బిల్డప్ అంటే గొప్పలు పోవడం అనుకుంటాం, 'వాడికి బిల్డప్ ఎక్కువ' అని. వీడి ఎంట్రీలో మనర్థంలో బిల్డప్ బోలెడు, వాడర్థంలో బిల్డప్ సున్నా. నా ఫోన్లో ఫ్రెంచి సంగీతకారుడు రావెల్ 1928లో కట్టిన బొలెరో వినిపించా. ఒకటే డ్రమ్ము వరస, ఒకటే రాగం, మొదట వినపడీ వినపడకుండా మొదలై ఒక్కో వాయిద్యమూ కలుస్తూ దాదాపు పదిహేను నిమిషాలు పెరుగుతూనే ఉంటుంది. నాలుగు నిమిషాలు ఓపిగ్గా విని, "ఇందులో డ్రాప్ ఎప్పుడు సార్?" అన్నాడు. లేదన్నా. "పదిహేను నిమిషాలూ బిల్డపేనా!" అని ఆ పాట పేరు ఫోన్లో రాసుకున్నాడు. స్టార్లలో ఒకటి దీనికి.

సాయంత్రం రిసెప్షన్‌కి వాడే వచ్చి, "సార్, జంట వచ్చేటప్పుడు మీరు చెప్పినట్టు చేస్తా, దీనికి డబ్బులేం వద్దు" అన్నాడు. మిక్సర్ పక్కనే నిలబడ్డా. సౌండు ఎంతుందో చూపించే లైట్లు దాని మీద ఉంటాయి, పొద్దున అవి మొదట్నుంచీ ఎర్రగానే ఉన్నాయట, మొదటే ఎరుపులో ఉంటే పైన ఖాళీ ఉండదు, పెంచడానికి చోటు లేదు, అది వాడే చెప్పాడు. ఇప్పుడు ఫేడర్, అంటే సౌండు పెంచే తగ్గించే మీట, కిందికి దించి, ఆకుపచ్చ లైట్లు రెండే వెలిగేట్టు పెట్టి, ఒక్క తబలా వరసతో మొదలుపెట్టాడు. తలుపులు తెరుచుకున్నాయి, జంట మెల్లగా నడుస్తోంది, చాలా బాగుంది, నాకు వెంట్రుకలు లేస్తున్నాయి. ఇరవై సెకన్లు. బావ వాళ్ళ బాబాయి మూడో వరసలోంచి లేచి, "ఏమయ్యా, సౌండు పెంచు, వినపడి చావడం లా! డబ్బులు తీసుకోలా?" అని కేకేశాడు. ఆయన వెనకాల ఇంకో ఇద్దరు చేతులు పైకి ఊపారు. కుర్రాడు నా వైపు చూశాడు. నేనేమంటాను, ఆయన పెద్దాయన, పైగా సౌండు డబ్బుల్లో కొంత ఆయనది. ఫేడర్ ఒక్కసారిగా పైకి పోయింది. కాబట్టి మూడు స్టార్ల దగ్గర ఆపాను గానీ పోయిన రెండింట్లో ఒకటి మా చుట్టాల ఖాతాలో వేసుకోండి.

బుక్ చేసుకునేవాళ్ళ కోసం మిగతావి గబగబా. వైర్లన్నీ టేపు వేసి నీట్‌గా నొక్కారు, ఒక్క ముసలాయన కాలికి కూడా తగల్లేదు. కోల్డ్ పైరోలు పందిరి పూలకి దూరంగా పెట్టారు, నిప్పు భయం లేదు. పంతులు గారికి ఇచ్చిన కాలర్ మైకు రెండుసార్లు గురగురలాడింది, బ్యాటరీ మార్చాక సర్దుకుంది. రాత్రి 10 కొట్టగానే, హాలు లోపలే అయినా, ఎవరూ చెప్పకుండానే సౌండు తగ్గించేశారు, దీనికి చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళ తరఫున దండం. పొగ మిషన్ మాత్రం వద్దనండి, బుట్ట మోసేవాడికి ముందు మెట్టు కనపడదు. ఫోన్లో తీసే వీడియో సౌండు మీద ఆశలు పెట్టుకోవద్దు, మావాడు మేళాన్ని ఫోన్లో తీస్తే మెల్లగా ఉన్నచోట పెంచేసి గట్టిగా ఉన్నచోట తగ్గించేసి మొత్తం చదును చేసి పెట్టింది, 66 లేదు 94 లేదు. బేరం ఆడితే దిగుతారు, ఓనరు చివర్లో 3,000 తగ్గించాడు. మేళానికి మేం ఇచ్చింది ఈ ఎంట్రీ డబ్బుల కంటే తక్కువ, ఆ మాట రాయడానికి సిగ్గుగా ఉంది గానీ రాస్తున్నా.

నిన్న ఓనరు వాట్సాప్‌లో కొత్త రేట్ కార్డు పంపాడు, "సార్, మీరు చెప్పిన కరెక్షన్ చేశాం, ఒకసారి చూడండి" అని. గ్రాండ్ క్రిషెండో ఎంట్రీ 22,000 అట్టాగే ఉంది. దాని కింద కొత్తగా ఒక లైను చేర్చాడు: 'ఒరిజినల్ క్రిషెండో ఎంట్రీ, టీచర్ గారి మోడల్, 26,000'.